సుంకవ్వ వదిలిపెట్టిన తావు

ఇది ఎప్పటి మాటో నేను చెప్పలేను. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఇంకో అవ్వ చెప్పింది. అంత వెనక్కి పోయి వినండి.

తుమ్మెదల కనుమ కింద ఎర్రమిట్ట అని ఒక ఊరుండేది. ఆ ఊర్లో సుంకవ్వ ఉండేది. సుంకవ్వకు చేను లేదు, ఎద్దు లేదు, ఎనుము లేదు. పొద్దున్నే కొండెక్కేది. ఎండుకట్టెలు కొట్టి మోపు కట్టేది. మోపు నెత్తిన పెట్టుకుని దిగొచ్చి ఇంటింటికీ వేసేది. కట్టెలు తీసుకున్నవాళ్ళు కొంగులో గింజలు పోసేవాళ్ళు. ఆ గింజలు విసురుకుని సంగటి కెలుక్కునేది. అదీ ఆమె బతుకు.

అయితే ఒకప్పుడు ఎర్రమిట్ట కోలాటమంటే చుట్టూ ఊర్లన్నీ బండ్లు కట్టుకుని వచ్చేవి. సుంకవ్వ మొగుడు తిరుపాలు కోలాటం నేర్పేవాడు. సుంకవ్వ పాట ఎత్తుకునేది. జతలు జతలుగా గుండ్రంగా నిలబడి ఆడేవాళ్ళు. కోలాటంలో మన ఎదురుగా నిలబడి మన కర్రకు కర్ర కలిపే మనిషిని ఉద్ది అంటారు. సుంకవ్వకు ఉద్ది తిరుపాలే.

తర్వాత కరువొచ్చింది. మొదటి ఏడు గింజలు అయిపోయినాయి. రెండో ఏడు పశువులు అయిపోయినాయి. మూడో ఏడు మనుషులు అయిపోయినారు. కొందరు పిల్లాజెల్లాను తీసుకుని దేశాలు పట్టుకుని పోయినారు. కొందరు ఉన్నచోటనే కన్ను మూసినారు. తిరుపాలు కూడా అట్లనే కన్ను మూసినాడు.

మళ్ళీ వాన వచ్చింది. పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చినారు. కోలాటం మాత్రం తిరిగి రాలేదు. ఆడే మనసు ఎవరికుంది?

సంగటి ఒంటిగా తినొచ్చు. కట్టెలు ఒంటిగా కొట్టొచ్చు. పాట కూడా ఒంటిగా పాడుకోవచ్చు. కోలాటం ఒంటిగా ఆడలేం. ఎదురు కర్ర కావాల్సిందే. సుంకవ్వ మొగుని కోలలు రెండూ నడుముకు దోపుకుని కొండెక్కేది. మోపు కట్టినాక ఒక పెద్ద రాతిగుండు ముందర నిలబడి పాట ఎత్తుకునేది. కర్రతో గుండును తట్టేది. గుండు పలికేది కాదు.

"నువ్వు ఉద్దివి కాదులే" అని గుండుకు చెప్పి, మోపెత్తుకుని దిగొచ్చేది.

ఆ కాలంలోనే కనుమ మీద దొంగల భయం మొదలైంది. దొంగలంటే మీసాలు తిప్పే మొగోళ్ళు కారు. కరువులో అమ్మానాయిన్లను పోగొట్టుకున్న పిల్లలు. మూతి మీద నూగు మీసం కూడా సరిగా రానోళ్ళు. వాళ్ళను ఏ ఊరూ రానీయలేదు. కొండ గవుల్లో, అంటే గుహల్లో, పండుకునేవాళ్ళు. దుడ్డుకర్రలు పట్టుకుని కనుమలో బండ్లకు అడ్డం పడేవాళ్ళు. వాళ్ళకు పెద్ద ఓబులేసు. ఎత్తైన పిల్లోడు, ఎప్పుడూ పళ్ళు కొరుకుతా ఉండేవాడు. వాని పక్కన మద్దిలేటి. కడుపు నిండినా ఇంకో ముద్ద దాచుకునే పిల్లోడు. వాళ్ళతో పాటు ఈరక్క. ఆ పిల్ల మాట్లాడితే ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

ఒకనాడు వాళ్ళు ముగ్గురూ సుంకవ్వకు అడ్డం వచ్చినారు.

"మోపు దించు" అన్నాడు ఓబులేసు.

దించింది.

"నడుముకేంది అది?"

"కోలలు నాయినా."

"ఈడ పెట్టు."

"మోపు తీసుకో. కొంగులో ఇన్ని కొర్రలుండాయి, అవీ తీసుకో. ఇవి మాత్రం ఇయ్యను."

ఓబులేసు దుడ్డుకర్ర ఎత్తి కొట్టినాడు. సుంకవ్వ చెయ్యి ఆలోచించలేదు. అలవాటైన చెయ్యి గదా. నడుములో కర్ర పైకి లేచి ఎదురు నిలిచింది. టక్ మనింది. వాడు పక్కకొచ్చి కొట్టినాడు. ఆమె తిరిగింది. టక్ మనింది. వాడు వెనకనుంచి కొట్టినాడు. ఆమె అడుగు మార్చింది. టక్ మనింది.

మూడో దెబ్బకు సుంకవ్వ నవ్వింది. నవ్వుతానే ఏడ్చింది.

"ఇంకొక్కసారి కొట్టు నాయినా. ఒక్కసారి. నా కర్రకు ఎదురు కర్ర తగిలి ఎన్నాళ్ళయిందో!"

ఓబులేసు భయపడినాడు. వానికి బెదిరేవాళ్ళు తెలుసు, తిట్టేవాళ్ళు తెలుసు, కాళ్ళు పట్టుకునేవాళ్ళు తెలుసు. ఇంకోసారి కొట్టమని అడిగేవాళ్ళు తెలీదు.

"పిచ్చిదిరా ఇది. పదండి" అని మోపు కూడా ముట్టకుండా పోయినాడు.

మరుసటి దినం సుంకవ్వ ఎక్కువ గింజలు విసిరింది. ముంత నిండా సంగటి, ఇంత గోంగూర పులుసు పట్టుకుని కొండెక్కింది. గవి ముందర బండ మీద పెట్టి కూచుంది.

"తినండి. తిన్నాక నాతో ఒక సుట్టు ఆడండి."

"ఆడకపోతే?" అనింది ఈరక్క.

"ఆడకపోతే తిని పోండి. రేపూ తెస్తా. రేపూ అడుగుతా."

మొదటి దినం తిని పోయినారు. రెండో దినం తిని, ఆమెను ఎగతాళి చేసి పోయినారు. మూడో దినం తిన్నాక ఓబులేసు లేచినాడు. దుడ్డుకర్ర పట్టుకుని ఎదురు నిలబడినాడు.

"యాడ కొట్టాల?"

"కొట్టొద్దు నాయినా. కలపాల."

"కలపడమంటే ఏంది?"

"ఎదుటి కర్ర ఎంత బలంగా వస్తాందో చూసుకో. నువ్వూ అంతే బలం ఇయ్యి. ఎక్కువిస్తే కర్ర ఇరిగిపోతాది. తక్కువిస్తే పాట పడిపోతాది."

వానికి అర్థం కాలేదు. ఎక్కువే ఇచ్చినాడు. తిరుపాలు కోల ఒకటి రెండుగా ఇరిగింది. ఓబులేసు తల వంచుకుని తిట్లకోసం నిలబడినాడు. సుంకవ్వ ఇరిగిన ముక్కను చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది. ఆమెకు దుఃఖం వచ్చింది. అది దాచలేదు.

"ఇది నా మొగుంది" అనింది. తర్వాత, "నువ్వే ఇంకొకటి చెక్కియ్యాల" అనింది.

ఓబులేసు దుడ్డుకర్రను చీల్చి కోలలు చెక్కినాడు. నునుపు చేసినాడు. వాణ్ని చూసి మద్దిలేటి చెక్కినాడు. ఈరక్క చెక్కింది. గవుల్లో మిగిలినోళ్ళు కూడా ఒక్కరొక్కరే వచ్చి చెక్కుకున్నారు. కనుమలో దుడ్డుకర్రలు లేకుండా పోయినాయి.

అడుగులు వచ్చినాక సుంకవ్వ పాట నేర్పింది. ఒకరు అడిగే పాట, ఇంకొకరు బదులు చెప్పే పాట.

"కోల పట్టి నిలిచినాను, కోలకెదురెవరే?"

"నేనుండానమ్మా, నేనుండాను."

"కొండ దాటి వచ్చినాను, కోలకెదురెవరే?"

"నేనుండానమ్మా, నేనుండాను."

"ఇది నా పాట" అనింది సుంకవ్వ. "మీ పాట మీరు కట్టుకోండి. పోయినోళ్ళ పేరు పెట్టి ఒక్కో చరణం కట్టండి."

ఈరక్క వెంటనే కట్టింది. వాళ్ళమ్మ పేరు పెట్టి, వాళ్ళ చెల్లెలి పేరు పెట్టి, వాళ్ళ మేక పేరు కూడా పెట్టి కట్టింది. ముల్లు లాంటి ఆ గొంతు పాటలో మెత్తబడింది. ఓబులేసు వాళ్ళ నాయిన పేరు పెట్టి కట్టినాడు. నాయిన పేరు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ పాట ఆపేసేవాడు. అక్కడ సుంకవ్వ ఎత్తుకునేది. మద్దిలేటి ఊరికే కూచున్నాడు.

"నువ్వు కట్టవా?"

"మా అమ్మ పేరు నాకు తెల్దవ్వా. అమ్మా అనే పిలిచేవాణ్ణి."

"అయితే అమ్మా అనే పెట్టు."

వాడు అమ్మా అనే పెట్టినాడు. అది పాడిన దినం వాడు రెండో ముద్ద దాచుకోలేదంట.

ఊర్లో మాత్రం గుసగుసలు లేచినాయి. దొంగలకు సంగటి పోస్తాందని సుంకవ్వను కట్టెలు అడిగేవాళ్ళు తగ్గిపోయినారు. ఊరి పెద్ద ఆమెను పిలిపించినాడు.

"కోటకు కబురు పంపినాం. కొలువు జనం వచ్చి వాళ్ళను కట్టి తీసుకపోతారు. నువ్వు అడ్డం రావద్దు."

"వాళ్ళిప్పుడు బండ్లు ఆపడం లేదు సామీ."

"ఆపినారు గదా. అది మర్చిపోమంటావా?"

"మర్చిపోవద్దు. పెద్దమ్మ జాతర దాకా ఆగు. ఆనాడు వాళ్ళను ఊర్లోకి తెస్తా. ఒక్కసారి చూడండి. చూసినాక మీకు ఎట్ల తోస్తే అట్ల చెయ్యండి."

ఊరి పెద్ద ఒకప్పుడు తిరుపాలు దగ్గర కోలాటం ఆడినవాడే. సుంకవ్వ నడుములో ఉన్న కోలలను చూసి, "జాతర దాకానే" అన్నాడు.

పెద్దమ్మ జాతర వచ్చింది. పొద్దు వాలుతా ఉండగా పిల్లలు కొండ దిగినారు. తల దువ్వుకుని, ఉన్న గుడ్డలు ఉతుక్కుని దిగినారు. వాళ్ళను చూసి ఆడోళ్ళు మెడలో పూసలు కొంగు కిందికి తోసుకున్నారు. మొగోళ్ళు చేతికి కర్రలు తీసుకున్నారు. పిల్లలు ఎవరినీ చూడలేదు. గుండ్రంగా నిలబడినారు. సుంకవ్వకు ఎదురు ఓబులేసు నిలబడినాడు.

పాట లేచింది. కర్రలు కలిసినాయి. మొదటి సుట్టుకు జనం మాటలు ఆపినారు. రెండో సుట్టుకు పూసలు బయటికి వచ్చినాయి. మూడో సుట్టుకు ఒక ముసలాయన ఏడ్చినాడు. పాటలో ఈరక్క పాడిన పేరే, కరువులో పోయిన ఆయన అక్క పేరు కూడా.

అప్పుడే ఒక మనిషి జనాన్ని తోసుకుని లోపలికి వచ్చినాడు. ఉప్పు బండ్ల బసయ్య. దూరదేశం మనిషి. కుడిచెయ్యి మోచేతి కింద వంకర తిరిగి వేలాడతా ఉంది.

"వీడే! కనుమలో నా చెయ్యి ఇరగ్గొట్టింది వీడే!"

పాట ఆగిపోయింది. ఓబులేసు పళ్ళు కొరికినాడు. చేతిలో కోల బిగిసింది. మొగోళ్ళు కర్రలెత్తి ముందుకొచ్చినారు. ఇంకో గడియ అయితే నెత్తురు పడేదే.

సుంకవ్వ వాని చెయ్యి పట్టుకోలేదు. వద్దని అరవలేదు. తన కోల చాపి పాట ఎత్తుకుంది.

"కోల పట్టి నిలిచినాను, కోలకెదురెవరే?"

ఓబులేసు ఆమెను చూసినాడు. బసయ్య చేతిని చూసినాడు. చాలాసేపు చూసినాడు. తర్వాత కోల మెల్లగా దించి ఆమె కోలకు తాకించినాడు. చప్పుడు కూడా రాలేదు. తన కోలలు రెండూ ఆమె చేతిలో పెట్టి, బసయ్య ముందర పోయి కూచున్నాడు.

"నేనే అన్నా. నేనే ఇరగ్గొట్టినా."

బసయ్య తిట్టడానికి నోరు తెరిచినాడు. వేలాడే చెయ్యి వంక చూసుకున్నాడు. చివరికి, "బండి ఎట్ల తోలాలరా నేను? ముద్ద ఎట్ల తినాల?" అన్నాడు.

"నేను తోలతా. నేను తినిపిస్తా. నీ చెయ్యి పోగొట్టినోణ్ణి, నీకు చెయ్యిగా ఉంటా."

మొగోళ్ళు ఎత్తిన కర్రలు దించినారు. బసయ్య ఊరి పెద్ద మొగం చూసినాడు. ఊరి పెద్ద సుంకవ్వ మొగం చూసినాడు. సుంకవ్వ నేల చూపు చూస్తానే తల ఊపింది.

తెల్లారి ఉప్పు బండ్లు కదిలినాయి. ఓబులేసు ముందు బండి నొగ మీద కూచున్నాడు. సుంకవ్వ కనుమ దాకా బండి పక్కనే నడిచింది.

"ఎప్పుడొస్తావు?"

"ఆయన చెయ్యి ఆయనకొచ్చినాక అవ్వా."

ఆ చెయ్యి మళ్ళా రాదని సుంకవ్వకు తెలుసు. ఓబులేసుకూ తెలుసు.

"నా తావులో ఇంకొకర్ని పెట్టుకుంటావా?" అని అడిగినాడు వాడు. అంత పెద్ద పిల్లోడు చిన్నపిల్లోని మాదిరి అడిగినాడు.

"పెట్టను. నీ తావుంటాది" అనింది సుంకవ్వ.

బండ్లు కనుమ దిగి పోయినాయి. ఎడ్ల గంటలు వినపడినంతసేపు ఆమె అక్కడే నిలబడింది. గంటలు ఆగిపోయినాక కూడా నిలబడింది.

కోట నుంచి కొలువు జనం వచ్చినారు. "ఈడ దొంగలెవరూ లేరు" అని ఊరి పెద్దే చెప్పి పంపేసినాడు. పిల్లలను ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో పనికి పెట్టుకున్నారు. మద్దిలేటి గొర్లు కాసినాడు. ఈరక్క మగ్గం గుంతలో దిగి నేత నేర్చుకుంది. పొద్దు వాలితే అందరూ సుంకవ్వ గుడిసె ముందరికి చేరేవాళ్ళు. ఆ సంగతి కొండలు దాటి పాకింది. ఇంట్లో దెబ్బలు తిని పారిపోయి వచ్చినోళ్ళు, దొంగతనం చేసి ఊరు వెళ్ళగొట్టినోళ్ళు, ఎవరికీ పట్టనోళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. "నువ్వెవరు, ఏం చేసినావు" అని సుంకవ్వ అడిగేది కాదు. ముందు సంగటి పెట్టేది. తర్వాత కోలలు ఇచ్చేది.

ఎంతమంది వచ్చినా, సుట్టులో సుంకవ్వ ఎదురు తావు మాత్రం ఖాళీగానే ఉండేది. వరస తిరిగి తిరిగి అక్కడికొస్తే ఆమె కోల గాలిలోకి చాపేది. "కోలకెదురెవరే?" అని అడిగేది. బదులు వచ్చేది కాదు. ఒక దెబ్బకు పట్టేంతసేపు అందరూ ఊరకుండేవాళ్ళు. తర్వాత పాట సాగేది.

మద్దిలేటి చూడలేక, "నేను నిలబడతా అవ్వా" అన్నాడు. సుంకవ్వ తల అడ్డంగా ఊపింది.

ఊరి పెద్ద, "చూసేదానికి పన్ను ఊడిన నోరు మాదిరి ఉంది, ఎవర్నన్నా పెట్టరాదా" అన్నాడు. సుంకవ్వ నవ్వి తల అడ్డంగా ఊపింది.

ఈరక్క మాత్రం దాచి మాట్లాడే మనిషి కాదు. "వాడు రాడవ్వా" అనింది.

"రాకపోతే మానె. వాని తావు ఉందని వానికి తెలిస్తే చాలు."

"ఎట్ల తెలుస్తాది?"

ఉప్పు బండ్లు వచ్చే కాలంలో సుంకవ్వ కట్టెలకు పోయి తొందరగా దిగేది కాదు. కనుమ మొగదల్లో మోపు దించుకుని కూచునేది. బండ్లు వచ్చేవి. తోలేవాళ్ళు ఎవరెవరో. "బసయ్య బండ్లను చూసినారా నాయినా?" అని అడిగేది. చూడలేదనేవాళ్ళు. మోపెత్తుకుని దిగొచ్చేది.

ఏండ్లు గడిచినాయి. సుంకవ్వ నడుము వంగింది. గొంతు సన్నబడింది. మోపు చిన్నదయింది. ఒకనాడు ఒక బండి తోలే మనిషి ఆమె మాట విని బండి ఆపినాడు.

"బసయ్యా? ఒంటిచెయ్యి ముసలాయన గదా? చూసినానవ్వా. నల్లరేగడి దేశంలో ఒక బాయి కాడ దిగినాం. ఆయనకు ఒక మనిషి ముద్దలు చేసి నోట్లో పెడతాండాడు. కొడుకేమో అనుకున్నా."

సుంకవ్వ బండి చక్రం పట్టుకుంది.

"ఆ మనిషి, ముసలాయనకు తినిపిచ్చినాక, ఆడుండే గొర్లుకాసే పిల్లోళ్ళను, దిక్కులేని పిల్లోళ్ళను కూడేసి కోలాటం ఆడిచ్చినాడవ్వా. ఏం ఆట! మా ఎడ్లు గూడా మేత మాని చూసినాయి."

"వానికి ఎదురెవరు?" అనింది సుంకవ్వ. "వాని ఉద్ది ఎవరు?"

"అదే వింత. ఎవరూ లేరు. ఒక తావు ఊరికే వదిలిపెట్టి ఆడతాడు. ఆ తావు కాడికొస్తే గాలిలోకి కర్ర చాపుతాడు. ఎందుకబ్బా అని అడిగితే, 'ఈడ మా అవ్వుంటాది' అన్నాడు."

సుంకవ్వ చక్రం వదిలి దగ్గరికి జరిగింది. తర్వాత అడిగింది.

"కర్ర ఎంత ఎత్తున చాపుతాడు నాయినా?"

ఆ మనిషి చెయ్యి చాపి చూపించినాడు. మోకాలు వంచి, భుజం దించి, తన రొమ్ముకన్నా కిందికి చూపించినాడు.

"అవును" అనింది సుంకవ్వ. "నేను పొట్టిదాన్ని గదా. వాడు వంగేవాడు."

ఆనాడు ఆమె మోపు కనుమలోనే మర్చిపోయి దిగొచ్చింది. మద్దిలేటి పోయి తెచ్చినాడు.

ఆ ఏడు కొర్ర కోతలప్పుడు సుంకవ్వ కన్ను మూసింది. ఆమె సంగటి తిన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినారు. కొందరికి అప్పటికే తల నెరిసింది. ఆమెను మోసే తావు కోసం వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకున్నారు. ఈరక్క ముందు నడుస్తా పాట ఎత్తుకుంది. "కోలకెదురెవరే?" అన్నప్పుడు ఊరంతా బదులు చెప్పింది.

ఓబులేసు వచ్చినాడా అని మీరు అడుగుతారు. అందరూ అడుగుతారు. నేనూ మా అవ్వను అడిగినా. ఆమె తెలీదనింది. వచ్చినాడని చెప్పేవాళ్ళుండారు. మేం చూసినామని చెప్పేవాళ్ళు మాత్రం లేరు. సుంకవ్వ పోయిన కబురు నల్లరేగడి దాకా పోయిందో, దారిలోనే ఆగిపోయిందో. వాడు ఇంకా ఏ బాయి కాడో పొద్దు వాలినప్పుడు వంగి కర్ర చాపుతానే ఉండినాడో ఏమో.

ఇప్పుడు కూడా ఆ పక్క ఊర్లలో కోలాటం కడితే, సుట్టులో ఒక తావు వదిలిపెడతారు. దాన్ని సుంకవ్వ తావంటారు. పాట అక్కడికొస్తే ఒక దెబ్బకు పట్టేంతసేపు డప్పు ఆగుతాది, తాళం ఆగుతాది, గజ్జె ఆగుతాది. ఎవరూ లేని మనిషి ఎవరన్నా ఆ తావులోకి నడిచి రావొచ్చు. వాళ్ళ చేతికి కోలలిస్తారు. పాట అయ్యేదాకా ఊరు అడగరు, పేరు అడగరు, ఏం చేసి వచ్చినావని అడగరు. బిడ్డలు చెయ్యి జారిపోయిన తల్లులు కొందరు ఆ తావు వెనకాల వచ్చి నిలబడతారు. వాళ్ళు మొక్కరు, ఏడవరు. పాట అయిపోయేదాకా నిలబడి ఇంటికి పోతారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊర్లలో ఎవరన్నా దూరం పోతాంటే, తొందరగా రా అని ఎవరూ అనరు. వాకిట్లో నిలబడి ఒక్కటే మాట అంటారు.

"నీ తావుంటాది."